కారే గొట్టానికి కాపలా

"హేసోల్ అపార్ట్‌మెంట్ల నివాసులకు ముఖ్య గమనిక. ఈ నెల ఇరవయ్యో తేదీన భవన భద్రతా పరీక్షకులు మన ప్రాంగణానికి విచ్చేస్తున్నారు. అంతవరకూ ఏ ఇంట్లోనూ ఏ లీకునూ, ఏ పగులునూ, ఊడిన ఏ పెచ్చునూ ఎవరూ బాగుచేయించరాదు. ఇప్పటికే బాగుచేయించుకున్నవారు స్వచ్ఛందంగా కార్యాలయానికి వచ్చి తమ పేర్లు నమోదు చేసుకోవలెను. అందరూ సహకరించగలరు."

డిసెంబరు నెలలో ఒక పొద్దున్న ఎనిమిది గంటలకి, ఆరు భవనాల్లోనూ ప్రతి ఇంటి పైకప్పులో బిగించిన స్పీకరు ఈ మాటలు పలికింది. విన్నవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు. సూపులో అన్నం కలుపుకుంటున్నవాళ్లు కలుపుకుంటూనే ఉన్నారు. నాలుగో భవనంలో ఒకావిడ మాత్రం, స్నానాలగది కుళాయికి కొత్త వాషరు వేయించుకున్న పాపానికి, చెంచా కింద పెట్టేసి కోటు తొడుక్కుంది.

ఇందులో వింతేమీ లేదు. హేసోల్ అపార్ట్‌మెంట్లు కట్టి ముప్పైమూడేళ్లయింది. పరీక్షకులు వచ్చి చూసి "ఇవి ఇక మనుషులు ఉండడానికి పనికిరావు" అని రాసిచ్చారంటే, పాతవి పడగొట్టి నలభై అంతస్తుల కొత్త భవనాలు కట్టుకోవచ్చు. ఆ కాగితం చేతికొచ్చిన రోజునుంచే ఇళ్ల ధరలు ఆకాశంలోకి చూస్తాయి. అలా కాకుండా "భేషుగ్గా ఉన్నాయి, ఇంకో ముప్పై ఏళ్లకి ఢోకా లేదు" అన్నారంటే మాత్రం, భగవంతుడా, ఆ ఇళ్లలో అలాగే కాపురాలు చేసుకుంటూ ఉండిపోవాలి. పెద్దమనుషులకి అంతకన్నా తలవంపులు ఏముంటాయి? తప్పితేనే నెగ్గే పరీక్ష లోకంలో ఇదొక్కటే. కిందటిసారి, ఐదేళ్ల క్రితం, హేసోల్ వాసులు ఘోరంగా ఓడిపోయారు. భవనాలు దృఢంగా ఉన్నాయని తేలింది. ఆ రోజు మూడు కుటుంబాలు రాత్రి భోజనం మానేశాయని చెప్పుకుంటారు.

ఆ అవమానం మళ్లీ జరగకూడదని ఈసారి పునర్నిర్మాణ సాధన సమితి నడుం కట్టింది. సమితి అధ్యక్షులు యోమ్ గ్యూహ్వాన్ గారు. ఆయన ఒక బడిలో ఉప ప్రధానోపాధ్యాయుడిగా రిటైరయ్యారు. ఆ 'ఉప'ని ప్రాంగణమంతా గౌరవంగా మింగేసి, ఆయన్ని హెడ్‌మాస్టరు గారూ అని పిలుస్తుంది. ఆయనా అభ్యంతరం చెప్పరు. పిల్లలకి మార్కులు రప్పించడంలో ముప్పైయ్యేళ్ల అనుభవం ఉన్న ఆ మహానుభావుడు ఇప్పుడు గోడలకి మార్కులు పోగొట్టే పనిలో ఉన్నారు.

సమితి పనితీరు చూసి ముక్కున వేలేసుకోవలసిందే. ఇంటింటికీ ఒక పత్రం పంచారు. ఇంట్లో ఎన్ని లీకులు, ఎక్కడెక్కడ, నిమిషానికి ఎన్ని చుక్కలు, అన్నీ నింపాలి. గళ్లు ఖాళీగా వదిలిన ఇళ్లకి ఇద్దరిద్దరు కార్యకర్తలు వెళ్లి "మరోసారి జాగ్రత్తగా వెతకండి, తప్పకుండా ఉంటుంది" అని ధైర్యం చెప్పి వచ్చారు. మూడో భవనం, ఎనిమిదివందల ఒకటో నంబరు ఇంట్లో ఉండే రిటైరైన బ్యాంకు ఉద్యోగి, సమితి ఏర్పడకముందే గోడలకి సున్నాలు వేయించుకున్నాడు. పాపం ఆయన చేత క్షమాపణ పత్రం రాయించి లిఫ్టులో అంటించారు. "తొందరపాటుతో నా ఇంటిని అందంగా ఉంచుకున్నాను. నా వల్ల ఇరుగుపొరుగుకి కలిగిన మనస్తాపానికి చింతిస్తున్నాను" అని ఆయన స్వదస్తూరీతో ఉంది. దస్తూరీ చక్కగా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

ఇంత జరుగుతుంటే ఒక్క మనిషికి మాత్రం చేతులు దురద పెడుతున్నాయి. ఆయన పేరు బోక్ మాన్‌గిల్. ప్రాంగణంలో మరమ్మతుల మేస్త్రీ. యాభై తొమ్మిదేళ్లు. మూడు నెలలకోసారి ఒప్పంద కాగితం మార్చే కొలువు. నేలమాళిగలో ఆయన గది, గదిలో బెత్తెడు పొడవు నుంచి బారెడు పొడవు వరకూ రెంచీలు, డబ్బాల నిండా ఎల్బోలు, క్లాంపులు, రబ్బరు వాషర్లు. లీకు కనిపిస్తే చాలు, ఆకలేసినవాడికి అన్నం కనిపించినట్టుండేది. ఇప్పుడు ఆయన చేతికి ఒక రిజిస్టరు ఇచ్చి, లీకులు లెక్కపెట్టమన్నారు. నలభై ఏళ్లు నేర్చిన విద్య అటకెక్కింది.

మొదటి భవనం ఐదువందల నాలుగు నుంచి ఫోను వచ్చింది ఆ రోజే.

"మేస్త్రీ నాయనా, మళ్లీ కరెంటు పోయింది. పొద్దుట్నించి ఇది మూడోసారి."

"బాయిలరు కింద బేసిను పెట్టారా మామ్మా?"

"బేసిను పెట్టా, కిమ్చీ డబ్బా పెట్టా. ఇక పెట్టడానికి మా ఆయన ఫొటో ఒక్కటే మిగిలింది."

ఐదువందల నాలుగులో ఉండేది ప్యో ఓక్‌నిమ్ మామ్మ. ఎనభై ఒకటి నడుస్తోంది. ముప్పై ఏళ్లు బడి వంటశాలలో పిల్లలకి వండి పెట్టి, మోకాళ్లు అక్కడే అరగదీసుకుని వచ్చింది. తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో అద్దెకి ఒంటరిగా ఉంటోంది. మంచం లేదు. నేల కింద గొట్టాల్లో బాయిలరు వేడినీళ్లు పారితే, ఆ వెచ్చటి నేల మీద పరుపు పరుచుకుని మోకాళ్లు కాచుకుంటుంది. మామ్మకి డాక్టరూ, మందూ, చుట్టమూ అన్నీ ఆ నేలే.

మాన్‌గిల్ వెళ్లి చూశాడు. వెనక బాల్కనీలో బాయిలరు, మూడేళ్ల కిందట పెట్టింది. ఈ కొత్తరకం బాయిలర్లు పొగలో వేడిని కూడా వదలకుండా పిండుకుంటాయి. అలా పిండినప్పుడు పొగ చల్లబడి నీరవుతుంది. ఆ నీరు సన్నటి తెల్ల గొట్టంలోంచి తూములోకి పోవాలి. భవనం కట్టినప్పుడు ఇలాంటి బాయిలర్లు లేవు కాబట్టి దగ్గర్లో తూమూ లేదు. పెట్టినవాడెవడో గొట్టాన్ని గోడవెంట దూరపు తూముదాకా లాగి, మధ్యలో జోలిలా వేలాడనిచ్చి, చేతులు దులుపుకుని పోయాడు. జోలిలో నిలిచిన నీరు చలికి గడ్డకట్టి, గొట్టం మలుపులో ఉన్న ఎల్బోని పగలగొట్టింది. పగులు కింద సరిగ్గా కరెంటు ప్లగ్గు. చుక్క పడటం, బ్రేకరు పడిపోవడం, బాయిలరు ఆగడం, నేల చల్లబడటం. మామ్మ కుర్చీ ఎక్కి బ్రేకరు లేపడం, మళ్లీ చుక్క పడటం.

"ఇంతేనా!" అన్నాడు మాన్‌గిల్. "ఒక ఎల్బో, కాస్త అంటించే సొల్యూషను, గొట్టం ఎత్తి కట్టడానికి రెండు క్లాంపులు, చలి తగలకుండా స్పాంజి తొడుగు. పావుగంట పని మామ్మా. మీరు బార్లీ టీ పెట్టేలోపు అయిపోతుంది."

మామ్మ టీ పెట్టడానికి వెళ్లింది. మాన్‌గిల్ సంచి విప్పాడు. ఎల్బో చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు గుమ్మం గంట మోగింది.

మామ్మ చేసిన తప్పు ఒక్కటే. పత్రం నింపమన్నారు కాబట్టి నిజాయితీగా నింపి ఇచ్చింది. "బాయిలరు గొట్టం. నిమిషానికి ఇరవై చుక్కలు. కరెంటు కూడా పోతోంది" అని రాసింది. ఆ పత్రం చదివిన సమితి పట్టరాని సంతోషంతో పరుగున వచ్చింది. యోమ్ గారు, వెనక ఇద్దరు మహిళా కార్యకర్తలు, ఒక కెమెరా, ఒక బుట్ట కమలాపళ్లు. బూట్లు విప్పి, మేజోళ్లతో బాల్కనీలోకి బారులు తీరారు.

యోమ్ గారు చుక్క పడటం చూశారు. ఇంకో చుక్క కోసం ఆగారు. అదీ పడింది. అప్పుడే బ్రేకరు టక్కుమని పడి ఇల్లంతా చీకటైంది. ఆయన కళ్లు చెమర్చాయి.

"అద్భుతం!" అన్నారు. "నీరూ కరెంటూ రెండూ ఒక్కచోట! మిత్రులారా, వెయ్యిన్ని ఎనభై ఇళ్లు వెతికాం. పగుళ్లున్నాయి, పెచ్చులున్నాయి, బూజుంది. కాని ప్రాణాపాయం అనేది ఇదిగో, ఈ పేదరాలి ఇంట్లో దొరికింది. ఓక్‌నిమ్ గారూ, మీరు ఈ ప్రాంగణానికే గర్వకారణం."

మహిళా కార్యకర్తలు చప్పట్లు కొట్టారు. చీకట్లో మామ్మ ఎటు తిరిగి నమస్కారం పెట్టాలో తెలియక ఫ్రిజ్జుకి పెట్టింది.

మాన్‌గిల్ గొంతు సవరించుకున్నాడు. "హెడ్‌మాస్టరు గారూ, ఇది భవనం లోపం కాదండీ. బాయిలరు సొంత గొట్టం. వయసు మూడేళ్లు. పరీక్షకులు స్తంభాలు చూస్తారు, పునాది చూస్తారు. దీన్ని చూడరు."

"స్తంభం ఎవడిక్కనిపిస్తుందయ్యా మేస్త్రీ? గోడలోపల ఉంటుంది. నీరైతే కంటికి కనిపిస్తుంది. చేతికి తగులుతుంది. మనిషి మనసు కరుగుతుంది. నువ్వు చేతిలో అదేంటి పట్టుకున్నావ్?"

"ఎల్బో అండీ."

"లోపల పెట్టు."

మాన్‌గిల్ లోపల పెట్టాడు. యోమ్ గారు జేబులోంచి ఎర్రటి స్టిక్కరు తీసి, స్వయంగా నాలుకతో తడిచేయబోయి, అది దానంతటదే అంటుకునే రకమని గుర్తొచ్చి, గొట్టానికి అంటించారు. "ముఖ్యమైన సాక్ష్యం. ముట్టరాదు. సమితి ఉత్తర్వు" అని ఉంది దాని మీద. మొదటి చుక్కకే ఆ అక్షరాలు కాస్త చెదిరాయి.

"అయ్యా," అంది మామ్మ, "నాకు చలేస్తోంది."

"ఈ చలి మీ ఒక్కరిదే అనుకోకండి ఓక్‌నిమ్ గారూ. ఇది మనందరి చలి. మనందరం కలిసి భరిద్దాం." అలా భరించడానికి వాళ్లంతా తమ తమ వెచ్చటి ఇళ్లకి వెళ్లిపోయారు. కమలాపళ్లు మాత్రం వదిలి వెళ్లారు.

మామ్మ ఇంటి ఓనరుకి ఫోను చేసింది. ఓనరు సియోల్లో ఉంటాడు. ఆ ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు గాని, ఇల్లంటే ప్రాణం.

"కొన్నాళ్లు ఓర్చుకో మామ్మా. నీ లీకు గురించి ఇక్కడిదాకా చెప్పుకుంటున్నారు. మనందరి బాగు కోసమే కదా."

"మనందరం అంటే ఎవరు బాబూ?"

ఓనరు ఆలోచించాడు. "అంటే, అందరూ," అన్నాడు. తర్వాత సిగ్నలు సరిగా రావడం లేదన్నాడు.

సమితి మనసు రాయి అనుకుంటే పొరపాటు. పన్నెండో తేదీన అత్యవసర సమావేశం జరిగింది. 'ఐదువందల నాలుగు వారి త్యాగం' అనే అంశం మీద రెండు గంటలు చర్చించి, ముగ్గురు మాట్లాడుతూ కంటతడి పెట్టి, చివరికి మామ్మకి ఒక విద్యుత్ దుప్పటి బహూకరించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. దుప్పటి పెద్ద రిబ్బనుతో వచ్చింది. ఫొటో తీశారు. మామ్మ ప్లగ్గులో పెట్టి స్విచ్చి వేసింది. ఇరవై నిమిషాలకి గొట్టం లోంచి చుక్క పడి, బ్రేకరు పడి, దుప్పటి కూడా చల్లబడింది. కరెంటుతో నడిచేదాన్ని కరెంటు లేని ఇంటికి ఇచ్చారని మాన్‌గిల్ విన్నవించుకున్నాడు. బహుమతిని విమర్శించడం సంస్కారం కాదని యోమ్ గారు జవాబిచ్చారు.

పద్నాలుగో తేదీ నుంచి చలి ముదిరింది. సున్నాకి పదకొండు డిగ్రీలు కిందకి పడిపోయింది. మామ్మ పగలు వృద్ధుల విశ్రాంతి గదికి పోయి కూర్చుందామనుకుంది. దాని తలుపుకీ ఎర్ర స్టిక్కరు ఉంది, పైకప్పు పెచ్చులు ఊడుతున్నాయని, అవి ఊడేటప్పుడు ఎవరూ అడ్డుండకూడదని. ఇక మెట్రో స్టేషను దాకా నడిచి, అక్కడ హీటరు పక్క బల్ల మీద చీకటిపడేదాకా కూర్చుని వచ్చేది. మోకాళ్లు వాచాయి. మెట్రో మెట్లు దిగలేక, మూడో రోజునుంచి అదీ మానేసి, రెండు కోట్లు తొడుక్కుని కుర్చీ పక్కనే నించుంది, బ్రేకరు లేపడానికి.

మాన్‌గిల్ రోజూ పైకి వెళ్లి రిజిస్టరులో చుక్కలు రాసుకుని వచ్చేవాడు. "నిమిషానికి ఇరవై రెండు." "నిమిషానికి ఇరవై ఐదు." మామ్మ ఒక కమలాపండు చేతిలో పెట్టి పంపేది. పదిహేడో తేదీన మాత్రం, "నాయనా, ఎనభై ఏళ్లు బతికాక మనిషి చచ్చిపోతే వింత కాదు గాని, ఇలా వణుకుతూ పోవాలంటే సిగ్గుగా ఉంది," అంది. ఆ రోజు ఆయన రిజిస్టరులో చుక్కలు రాయలేదు.

మర్నాడు పొద్దున్నే యోమ్ గారి నుంచి ఫోను. గొంతు బాగా తగ్గించి ఉంది.

"మేస్త్రీ, ఒకసారి మా ఇంటికి రా. సంచి తెచ్చుకో. లిఫ్టులో కాదు, మెట్ల మీంచి రా."

పద్నాలుగు అంతస్తులు ఎక్కి మాన్‌గిల్ ఆయాసపడుతూ వెళ్లేసరికి, యోమ్ గారి బాల్కనీలో అచ్చం అదే బాయిలరు, అదే గొట్టం, అదే ఎల్బో, అదే పగులు. ఒకే మనిషి పెట్టి పోయినట్టున్నాడు. లోపల గదిలో పసిపిల్ల ఏడుపు వినిపిస్తోంది.

"మనవరాలు. పుట్టి పదహారు రోజులైంది," అన్నారు యోమ్ గారు. "కూతురు పురిటికొచ్చింది. బాలింతకి నేల చల్లగా ఉంటే ఎముకల్లోకి గాలి చేరుతుంది. నీకు తెలియనిదేముంది."

"బాగుచేయకూడదు కదండీ?"

"బాగుచేయమని ఎవరన్నారయ్యా? నేను సమితి అధ్యక్షుణ్ణి, అలా ఎందుకంటాను? ఇది బాగుచేయడం కాదు."

"మరేంటండీ?"

యోమ్ గారు కాసేపు తడుముకున్నారు. "నిర్వహణ," అన్నారు.

మాన్‌గిల్ పన్నెండు నిమిషాల్లో నిర్వహించేశాడు. పాత ఎల్బో కోసి తీశాడు, కొత్తది బిగించాడు, జోలి లేకుండా గొట్టం ఎత్తి కట్టాడు, తొడుగు తొడిగాడు. చేతులు తుడుచుకుంటూ అడిగాడు: "ఓక్‌నిమ్ మామ్మకి కూడా ఇలాగే నిర్వహణ చేసి వస్తానండీ. సంచి ఎలాగూ తెచ్చాను."

యోమ్ గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "అదేంటయ్యా, ఆవిడ అద్దెకుండే మనిషి కదా?" అన్నారు.

మాన్‌గిల్‌కి ఒళ్లు మండిపోయింది. మండిన ఒంటితోనే పద్నాలుగు అంతస్తులు దిగి, మొదటి భవనంలో ఐదు అంతస్తులు ఎక్కాడు. తలుపు తీసిన మామ్మని దాటుకుని బాల్కనీలోకి పోయి, స్టిక్కరు చిరగకుండా ఒలిచి పక్కన పెట్టి, పగిలిన ఎల్బో కోసి పారేసి, కొత్తది బిగించి, గొట్టం ఎత్తి కట్టాడు. తడిసిన ప్లగ్గు విప్పి ఆరబెట్టి, పైకి జరిపి బిగించాడు. బాయిలరు ఆన్ చేశాడు. గొట్టంలోంచి నీరు బుద్ధిగా తూములోకి పోయింది. బ్రేకరు పడలేదు.

ముప్పావు గంట తర్వాత మామ్మ నేల మీద చెయ్యి పెట్టి చూసింది. రెండో చెయ్యి కూడా పెట్టింది. తర్వాత కోటుతో సహా అలాగే పడుకుని, చెంప నేలకి ఆనించి, చిన్నపిల్లలా ఏడ్చింది. మాన్‌గిల్ కూడా మొహం అటు తిప్పుకుని సంచి సర్దుకున్నాడు, సర్దిన సంచినే మళ్లీ సర్దుకున్నాడు.

"నీ ఉద్యోగం ఏమవుతుంది నాయనా?" అంది మామ్మ, లేవకుండానే.

అది మాన్‌గిల్‌కి అప్పుడే గుర్తొచ్చింది. రేపో మాపో కార్యకర్తలు చుక్కలు చూడటానికి వస్తారు. చుక్కల్లేకపోతే ఆయన కొలువూ ఉండదు. కాసేపు గొట్టం వంక చూశాడు. "మామ్మా, తాగే నీళ్ల సీసా ఖాళీది ఏదైనా ఉందా?" అన్నాడు. "సూది కూడా కావాలి."

అలా, మరమ్మతుల చరిత్రలో, లీకు బాగుచేసి, ఆ లీకునే పోషించిన మొదటి మేస్త్రీ బోక్ మాన్‌గిల్ అయ్యాడు. స్టిక్కరుని మళ్లీ కొత్త ఎల్బో మీద అంటించి, గొట్టం వెనక గోడకి సీసా తగిలించి, అడుగున సూదితో పొడిచి, చుక్క సరిగ్గా స్టిక్కరు మీదుగా జారి బేసినులో పడేలా అమర్చాడు. పొద్దున్నా సాయంత్రం వచ్చి సీసా నింపేవాడు. పంతొమ్మిదో తేదీన కార్యకర్తలు వచ్చి, చుక్కలు తప్ప నేల సంగతి పట్టించుకోకుండా, "నిమిషానికి పద్దెనిమిదే పడుతున్నాయి, మన లీకు నీరసించింది" అని కంగారుపడ్డారు. మాన్‌గిల్ మరో పోటు పొడిచి ముప్పైకి పెంచాడు. లీకు కోలుకుందని కార్యాలయానికి కబురు వెళ్లింది. మేస్త్రీ శ్రద్ధని అక్కడి మేనేజరు గారు మెచ్చుకున్నారు కూడా. నలభై ఏళ్లు లీకులు ఆపినప్పుడు ఒక్కరు మెచ్చుకోలేదు.

ఇరవయ్యో తేదీ రానే వచ్చింది. పరీక్షకుల బృందానికి పెద్ద, మేంగ్ అనే మహిళా ఇంజనీరు. ముప్పైయైదేళ్ల మనిషి, పొట్టి జుట్టు, మాట తక్కువ. రెండు గంటలు స్తంభాలకి ఏదో యంత్రం ఆనించి, పునాది దగ్గర కూర్చుని, కాంక్రీటు కొట్టి చూసి రాసుకుంది. ఆవిడ ఒక్క పగులు దగ్గరా కంటతడి పెట్టలేదు. సమితికి ఆందోళన ఎక్కువైంది. చివరికి యోమ్ గారు చేతులు జోడించినంత పనిచేసి ఆవిడని ఐదువందల నాలుగుకి తీసుకొచ్చారు. వెనక ఇరవై మంది. మామ్మ ఇంట్లో అంతమంది పాదాలు మోపడానికి చోటు చాల్లేదు.

"అమ్మా," అని యోమ్ గారు గొంతెత్తారు, "ఈ చుక్కని చూడండి. ఇది ఒక చుక్క కాదు. వెయ్యిన్ని ఎనభై కుటుంబాల కన్నీటి చుక్క. ఎనభై ఏళ్ల ముదుసలి, నీటికీ కరెంటుకీ మధ్య, అనుక్షణం మృత్యువుతో..."

మేంగ్ వంగి, కలంతో స్టిక్కరు అంచు పైకెత్తింది. తెల్లగా మెరిసే కొత్త ఎల్బో. ఆ వెనక సీసా. ఆవిడ రెండింటినీ చూసింది. తర్వాత మేజోళ్లలోంచి పాదాలకి తగులుతున్న నేల వేడిని కూడా గమనించినట్టుంది, ఒకసారి మామ్మ వైపు చూసింది.

"గొట్టం బాగానే ఉంది," అంది. "సీసా కారుతోంది."

ఇరవై జతల కళ్లు సీసా మీదికి తిరిగాయి.

"ఎలాగూ ఇది మా పరీక్షలోకి రాదు," అంటూ ఆవిడ బూట్లు తొడుక్కుంది. ఐదువందల నాలుగులో ఆవిడ ఉన్నది మొత్తం ఒకటిన్నర నిమిషం. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో మాన్‌గిల్‌తో మెల్లగా, "వాలు సరిగ్గా పెట్టారండీ," అంది. ఆ ఒక్క మాట ఆయన ఇప్పటికీ తల్చుకుంటాడు.

యోమ్ గారు వంగి సీసాని పరీక్షగా చూశారు. తేరుకున్నాక, "ద్రోహం!" అన్నారు. "ఉమ్మడి ఆస్తికి ఇంత ద్రోహమా!" మహిళా కార్యకర్తల్లో ఒకావిడ సీసాని ఆధారంగా జప్తు చేసి, సంచిలో వేసుకుని, కాస్త దూరం వెళ్లాక సంచి తడిసిపోయిందని గోల పెట్టింది.

ఫలితం మూడు వారాల తర్వాత వచ్చింది. హేసోల్ అపార్ట్‌మెంట్లు దివ్యంగా తప్పాయి. స్తంభాలు దృఢంగానే ఉన్నాయట. పునాది రాయిలా ఉందట. కాని ఇప్పటి లెక్కల్లో వాటికి మార్కులు తక్కువ. ఇంటికి రెండేసి కార్లున్న ఈ కాలంలో కార్లు నిలుపుకోవడానికి ఇక్కడ చోటు చాలదు. కాబట్టి ఇవి మనుషుల నివాసానికి యోగ్యం కావని నివేదికలో తేల్చారు. లీకుల రిజిస్టరుని ఎవరూ తెరిచి చూడలేదు.

ఇక ఆ సంబరం చెప్పతరం కాదు. గేటు మీద నాలుగు అంతస్తుల పొడవున బ్యానరు కట్టారు. "హృదయపూర్వక అభినందనలు! మన ఇళ్లు ప్రమాదకరమని ధ్రువీకరణ!" అని ఎర్రటి అక్షరాలు. ఇంటింటికీ వేడివేడి బియ్యప్పిండి కేకులు పంచారు. లిఫ్టులో ఎదురైనవాళ్లు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, "మీది కూడా కూలిపోయేదే అటగా, సంతోషమండీ" అని పలకరించుకున్నారు. యోమ్ గారికి సన్మానం జరిగింది. తన విజయ రహస్యం క్రమశిక్షణేనని ఆయన చెప్పారు.

బోక్ మాన్‌గిల్‌కి కూడా ఒక కాగితం వచ్చింది. "అనుమతి లేకుండా ఒక లీకును నిర్మూలించినందున, నకిలీ లీకుతో నివాసుల మనోభావాలను గాయపరచినందున, మీ ఒప్పంద కాగితం ఇకపై మార్చబడదు" అని మేనేజరు గారు సంతకం చేశారు. సంతకం చేసి, తన ఇంట్లో సింకు కింద ఏదో కారుతోందని, వెళ్లేలోపు ఒకసారి చూసి పొమ్మన్నారు. మాన్‌గిల్ చూసి పోయాడు. కడుపు మండుతున్నా, కారేదాన్ని చూస్తే చేతులు ఊరుకోవు కదా.

మామ్మకి ఓనరు ఫోను చేశాడు. ఈసారి సిగ్నలు చక్కగా ఉంది. ఇల్లు కొనడానికి జనం క్యూ కడుతున్నారని, నెలాఖరుకి ఖాళీ చేయమని, ఇన్నాళ్లు ఓర్చుకున్నందుకు కృతజ్ఞతలని చెప్పాడు. మామ్మ ఏటి అవతల ఒక పాత ఇటుకల ఇంట్లో గది వెతుక్కుంది. అది బాగా చవగ్గా దొరికింది. ఎందుకంటే అది గట్టిది. ఇంకో వందేళ్లకి కూడా ఎవరూ దాన్ని పడగొట్టరని, ఆ సంగతి ముందే చెబుతున్నానని, తర్వాత తనని అనుకోవద్దని అక్కడి బ్రోకరు చాలా మొహమాటపడుతూ ఒప్పుకున్నాడు.

జనవరి ఆఖరి ఆదివారం మాన్‌గిల్ వచ్చి మామ్మ మూటలు కడుతున్నాడు. అప్పుడే ఓనరు పంపిన బ్రోకరు ఒక పడుచు జంటని వెంటబెట్టుకొచ్చాడు. మంచి కోట్లు, మంచి పెర్ఫ్యూము, చదువుకున్న మొహాలు. జీవితంలో మొదటిసారి ఇల్లు కొంటున్నారు. ఆ పిల్ల గది మధ్యలో నిలబడి, ఒక అరికాలు మార్చి ఒక అరికాలు నేలకి ఆనించింది. మొహం పాలిపోయింది.

"ఏవండీ," అంది మొగుడితో గుసగుసగా, "నేల వెచ్చగా ఉంది."

అతను గబగబా పోయి కుళాయి తిప్పాడు. నీళ్లొచ్చాయి. కట్టేశాడు. ఆగిపోయాయి. బాల్కనీలోకి వెళ్లి గొట్టం చూసి, దిగాలుగా వెనక్కొచ్చాడు. "అన్నీ పనిచేస్తున్నాయేంటండీ?" అన్నాడు బ్రోకరుతో.

"అబ్బే, పైకి అలా కనిపిస్తుందంతే సార్," అన్నాడు బ్రోకరు, చెమట తుడుచుకుంటూ. "పనికిరాదని సీలు వేసి ఇచ్చారు. కాగితం నా దగ్గరుంది. మీరు ఏం దిగులు పెట్టుకోకండి, నా పూచీ."

అతనికి నమ్మకం కుదరలేదు. మామ్మ దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. "మామ్మా, మీరు పెద్దవారు, దాచకుండా చెప్పండి. ఈ ఇంట్లో ఏదైనా ఇబ్బంది ఉందా?"

"ఇబ్బందా బాబూ?" అంది మామ్మ. "తొమ్మిదేళ్లున్నాను. ఒక గొట్టం కారింది. ఈ నాయన పావుగంటలో బాగుచేశాడు. అంతే."

మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బ్రోకరు దగ్గాడు. ఆ పిల్ల కూడా వచ్చి మామ్మ పక్కన కూర్చుంది. "మరి... మరెందుకు ఖాళీ చేస్తున్నారు మామ్మా?"

"ఇల్లు కూలిపోతుందట తల్లీ," అంది మామ్మ, చివరి మూట ముడి బిగిస్తూ. "కూలదని నేనొక్కదాన్నే అంటున్నాను."

"అమ్మయ్య!" అని ఆ పిల్ల గుండెల మీద చెయ్యి వేసుకుంది.

అక్కడికక్కడే సంతకాలు పెట్టారు. వాళ్లు ఈ ఇంట్లో ఉండబోవడం లేదు, అద్దెకిస్తారు. మంచి మనసున్న పిల్లలు, షరతులు కూడా పెద్దగా పెట్టలేదు. వచ్చేవాళ్లు కాస్త చలికి ఓర్చుకునేవాళ్లై ఉండాలి, దేన్నీ బాగుచేయించే అలవాటు ఉండకూడదు, అంతే. మీ ఎరుకలో అలాంటి వాళ్లెవరైనా ఉంటే చెప్పండి. ఇల్లు ఇంకా ఖాళీగానే ఉంది, మీరు చూడటానికి వెళ్తే మాత్రం నేల వెచ్చగా ఉందని పైకి అనకండి.